అడవి క్లోవర్, చిత్తూరు ఎర్రనేల: పెంచడం ఎలా, తినడం ఎంతవరకు

క్లోవర్ అంటే మనలో చాలామందికి పశువుల మేత. ఉత్తరాదిలో బర్సీమ్ పేరుతో చలికాలమంతా గేదెల ముందు పడే పచ్చమేత ఆ జాతిదే. అదే జాతిలో మనుషులు ఆకుకూరలా కోసుకుని తిన్న అడవి రకాలు కూడా ఉన్నాయి. అమెరికా పడమటి తీరంలోని కాలిఫోర్నియాలో పోమో వంటి ఆదివాసీ తెగలు తరతరాలుగా వసంతం మొదట్లో లేత క్లోవర్ కోసం కొండవాలులకు వెళ్లేవాళ్లు. గుప్పెళ్లతో కోసి పచ్చిగానే తినేవాళ్లు, కొన్నిసార్లు ఉప్పు అద్దుకునేవాళ్లు. చలికాలమంతా నిల్వ తిండితో గడిపిన వాళ్లకు ఏడాదిలో అందే మొదటి పచ్చి ఆకు అదే.

మిద్దెతోటలు పెరిగిన కొద్దీ ఇలాంటి మొక్కల మీద తిరుపతి, చిత్తూరు వైపు కూడా ఆసక్తి పెరుగుతోంది. ఏడాదిలో మొలిచి, పూచి, గింజ రాల్చి చచ్చిపోయే అడవి క్లోవర్‌ను ఇక్కడ పెంచవచ్చా, పెంచితే తినవచ్చా అన్నది అడగదగ్గ ప్రశ్నే. కుండీలో, అదును చూసుకుని, కొన్ని వారాలపాటు పెంచవచ్చు. పొలంలో వేయడానికి మాత్రం అది మన నేలకు సరిపడదు. పొలంలో మేతగా, నేలకు బలంగా క్లోవర్ చేసే పనిని ఇక్కడ పిల్లిపెసర అనే పాకే పైరు చేస్తుంది. వంటింట్లో దాని చోటు ఎప్పుడో మెంతికూరకు దక్కింది. ఈ మాట ఎందుకు అనాల్సి వస్తుందో మొక్క బతుకును, మన వానల తీరును, మట్టిలోని సూక్ష్మజీవులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఏది క్లోవర్, ఏది కాదు

ట్రైఫోలియం అనే ప్రజాతిలో దాదాపు 250 జాతులున్నాయి. మధ్యధరా తీరం, అమెరికా పడమటి భాగం, తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రదేశాలు వీటికి పుట్టిళ్లు. చిక్కుడు కుటుంబపు మొక్కలు కాబట్టి వేళ్లకు బుడిపెలుంటాయి. ఒక కాడకు మూడు ఆకులుంటాయి. చిన్న చిన్న పూలు గుత్తిగా చేరి గుండ్రటి బంతిలా కనిపిస్తాయి. కాయ బయటికి కనిపించదు, ఎండిన పూరేకుల లోపలే ఒకటి రెండు గింజలతో దాక్కుని ఉంటుంది.

మన పెరళ్లలో క్లోవర్ అని ఫోటోలు తీసి పంపుకునే మొక్క చాలాసార్లు పులిచింత. పూలకుండీల్లో, తడి గోడల మొదట్లో తనంతట తానే మొలిచే మొక్క ఇది. మూడు ఆకులూ గుండె ఆకారంలో ఉంటాయి, పువ్వు పసుపుపచ్చగా ఐదు రేకులతో ఉంటుంది, కాయ చిన్న బెండకాయలా నిటారుగా నిలబడుతుంది. నోట్లో వేసుకుంటే పుల్లగా తగులుతుంది. ఇది కూడా తినే ఆకే, పప్పులోనూ పచ్చడిలోనూ పడుతుంది. కానీ దీనికి చిక్కుడు కుటుంబంతో ఏ సంబంధమూ లేదు, వేళ్లకు బుడిపెలూ ఉండవు. పులుపు ఆక్సాలిక్ ఆమ్లం వల్ల వస్తుంది కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దూరంగా ఉండటం మంచిది.

వరిమళ్లలో, చెరువు అంచుల్లో నాలుగు ఆకులతో నీటి మీద తేలే మొక్క ఇంకొకటి ఉంది. అదృష్టం తెచ్చే నాలుగాకుల క్లోవర్ అని దాన్ని అమ్మేవాళ్లూ ఉన్నారు. అది పూలు పూయని మొక్క, ఫెర్న్ జాతిది, పేరు మార్సిలియా. ఆస్ట్రేలియాలో దాని దగ్గరి చుట్టాన్ని అక్కడి ఆదివాసులు సరైన పద్ధతిలో తయారుచేసుకుని తినేవాళ్లు. 1861లో బర్క్, విల్స్ అనే అన్వేషకులు ఆ పద్ధతి పాటించకుండా దాన్నే తిండిగా చేసుకుని నీరసించిపోయి చనిపోయారు. అందులో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఆకు తినదగ్గదా కాదా అన్నదానితోపాటు దాన్ని ఎలా తినాలన్నదీ తెలిసి ఉండాలనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు.

ఇలాంటి పొరపాటు మన దగ్గరా జరగవచ్చు. తొలకరికి బంజర్లలో మొలిచే తగిరిస లేత ఆకును కూరగా వండుకుంటారు. దాన్ని పోలిన కసివింద పక్కనే మొలుస్తుంది. తగిరిసకు గుండ్రటి కొసలున్న మూడు జతల ఆకులుంటాయి. కసివిందకు నాలుగైదు జతలు, కొస మొనతేలి ఉంటుంది. కసివింద గింజలు తిని పిల్లలు చనిపోయిన సంఘటనలు ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో నమోదయ్యాయి. కాబట్టి అడవి మొక్క ఏదైనా సరే పువ్వు, కాయ చూసి నిర్ధారించుకున్న తర్వాతే చేయి వేయాలి.

చలికాలపు వానకు పుట్టిన మొక్క

కాలిఫోర్నియాలో వాన నవంబరు నుంచి మార్చి దాకా పడుతుంది. వేసవి పూర్తిగా పొడి. అక్కడి ఏకవార్షిక క్లోవర్లు ఈ లెక్కకు తగ్గట్టే బతుకుతాయి. మొదటి వానకు మొలుస్తాయి, చలిలో నేలకు అంటుకుని నెమ్మదిగా వేరు దించుతాయి, ఎండ కాస్త ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కసారిగా లేచి పూస్తాయి. నేల ఎండేలోపు గింజ రాల్చి పోతాయి. ఆకు రుచిగా ఉండేది పువ్వుకు ముందున్న కొద్ది వారాలే. తర్వాత కాడ నారెక్కుతుంది.

రాలిన గింజలన్నీ మరుసటి ఏడాది మొలవవు. గింజ తోలు నీరు పీల్చనంత గట్టిగా ఉంటుంది. కొన్ని మొదటి ఏడాదే మెత్తబడి మొలిస్తే, మిగతావి మట్టిలో ఏళ్ల తరబడి ఎదురుచూస్తాయి. ఒక ఏడాది వాన మోసం చేసినా వంశం నిలబడటానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. ఈ గుణం విలువ ఏమిటో 1993లో తెలిసొచ్చింది. కాలిఫోర్నియాలో ట్రైఫోలియం అమీనమ్ అనే పెద్ద పూల ఏకవార్షిక క్లోవర్ అంతరించిపోయిందని అప్పటికి అనుకునేవాళ్లు. ఆ ఏడాది సొనోమా కౌంటీలో ఒకే ఒక్క మొక్క కనిపించింది. దాని గింజలు సేకరించి, జాగ్రత్తగా మొలకెత్తించి, మళ్లీ విత్తనం పెంచారు. 1996లో తీరప్రాంతంలో మరో చోట చిన్న గుంపు బయటపడింది. ఒకప్పుడు మనుషులు బుట్టలకెత్తుకున్న మొక్కల కుటుంబం అది. పశువుల మేత, ఇళ్ల స్థలాలు, బయటి నుంచి వచ్చిన గడ్డి జాతులు కలిసి అంతదాకా తెచ్చాయి. ఆదివాసులు మేట వేసిన గడ్డిని అదును చూసి తగలబెట్టేవాళ్లు, ఆ తర్వాత వచ్చే వెలుతురులో క్లోవర్ బాగా లేచేది. ఆ పని ఆగిపోవడం కూడా ఒక కారణమే.

ఇప్పుడు మన ఆకాశం వైపు చూద్దాం. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు రెండు రుతుపవనాలూ వస్తాయి. ఏడాదికి దాదాపు 900 మిల్లీమీటర్ల వానలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాటా పెద్దది, తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఇంకా పెద్దది. వాన తర్వాత చలి అనే వరస కాలిఫోర్నియా క్లోవర్‌కు అలవాటైనదే. ఇక్కడిదాకా ఆశ కలుగుతుంది. తేడా వచ్చేది వేడి దగ్గర. తిరుపతిలో డిసెంబరు పగటి వేడి కూడా 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఫిబ్రవరి సగానికి ఎండ ముదురుతుంది. క్లోవర్‌కు హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. పూత దశకు వచ్చేసరికి మన నేల దాన్ని ఎండగట్టేస్తుంది.

పడమటి మండలాల్లో కథ కొంచెం వేరు. పలమనేరు, కుప్పం, మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 650 నుంచి 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లు దాటుతుంది. రాత్రి చలి బాగా ఉంటుంది, ఆ చలి నిలిచే రోజులూ ఎక్కువే. క్లోవర్ మీద ప్రయోగం చేయాలనే కోరిక ఉంటే అది ఈ వైపు చేయడమే న్యాయం. కానీ తూర్పుతో పోలిస్తే ఇక్కడ వాన తక్కువ, బోరు నీళ్లు లోతుకు పోయాయి. చలి ఉన్న చోట నీళ్లు లేవు, నీళ్లు పడే చోట చలి లేదు.

బుడిపెల లెక్క

క్లోవర్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వదిలేసే విషయం ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా. చిక్కుడు కుటుంబపు మొక్క గాలిలోని నత్రజనిని తనంతట తాను పట్టుకోలేదు. వేరు బుడిపెల్లో చేరే రైజోబియం బ్యాక్టీరియా ఆ పని చేసిపెడుతుంది. అయితే ఏ బ్యాక్టీరియా అయినా ఏ మొక్కతోనైనా కలిసిపోదు. క్లోవర్‌కు దాని తెగ వేరు. మెంతికి, లూసర్న్ అనే పశువుల మేత మొక్కకు కలిపి ఇంకో తెగ. వేరుశనగ, పెసర, అలసంద, ఉలవ, కంది, అనప, పిల్లిపెసర ఇవన్నీ మూడో గుంపుతో స్నేహం చేస్తాయి.

చిత్తూరు మెట్టచేలల్లో దశాబ్దాలుగా చెనక్కాయ (వేరుశనగ) పండింది. మధ్యలో కంది, అలసంద, అనప సాళ్లు, వాన ఆలస్యమైన ఏడాది ఉలవ. మన ఎర్ర ఇసుకనేలలో ఈ మూడో గుంపు బ్యాక్టీరియా పుష్కలంగా ఉండటానికి ఆ పంటలే కారణం. క్లోవర్ తెగ మాత్రం ఇక్కడ ఉండదు, ఎందుకంటే దాన్ని పోషించిన మొక్క ఇక్కడ ఎన్నడూ లేదు. విత్తనానికి కల్చర్, అంటే ఆ బ్యాక్టీరియా ఉన్న మందు, పట్టించకుండా చల్లితే క్లోవర్ మొలుస్తుంది, నాలుగాకులు వేస్తుంది, ఆ తర్వాత పాలిపోయి ఆగిపోతుంది. నీళ్లు తక్కువయ్యాయనో, ఎరువు చాలలేదనో అనుకుని యూరియా వేస్తే ఆకు పచ్చబడవచ్చు. అప్పుడిక అది నేలకు నత్రజని ఇచ్చే మొక్క కాదు, నేల నుంచి తీసుకునే మామూలు కలుపు.

బుడిపె పని చేస్తోందా లేదా అన్నది ఎవరైనా చూసుకోవచ్చు. మొక్కను మట్టితో సహా తవ్వి, నీళ్లలో కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చాలి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే పని జరుగుతోంది. తెల్లగానో, పచ్చగానో ఉంటే జరగడం లేదు. పూతకు ముందు ఈ పరీక్ష చేయాలి, పూత తర్వాత మంచి బుడిపెలు కూడా రంగు మారతాయి.

దీనికితోడు భాస్వరం. ఆస్ట్రేలియా దక్షిణ ప్రాంతాల్లో సబ్‌టెరేనియన్ క్లోవర్ అనే ఏకవార్షిక రకం లక్షల ఎకరాలకు పాకింది. గింజను తనే మట్టిలోకి దింపుకునే వింత మొక్క అది. కానీ అక్కడి బీద నేలల్లో అది నిలబడింది సూపర్ ఫాస్ఫేట్ వేయడం వల్లే. మన ఎర్రనేలల్లోనూ మొక్కకు అందే భాస్వరం చాలాచోట్ల తక్కువే. ఖర్చు పెట్టి కల్చరూ, ఫాస్ఫేటూ, తడులూ ఇచ్చి మూడు నెలల మేత కోసం క్లోవర్ పెంచడం చిన్న రైతుకు కిట్టుబాటు కాదు.

అయినా పెంచి చూడాలంటే

విదేశీ అడవి క్లోవర్ గింజలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తెప్పించుకోవద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం విత్తనం దిగుమతికి అనుమతి, గింజ వచ్చే దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవనే ధ్రువపత్రం) ఉండాలి. ఇది కాగితం కోసం కాగితం కాదు. మన గెనిమల మీద, బడి ఆవరణల్లో, ఖాళీ ప్లాట్లలో నిండిపోయిన వయ్యారిభామ ఈ దేశపు మొక్క కాదు, 1950ల్లో పూణే దగ్గర కనిపించి దేశమంతా పాకింది. గట్టి తోలుతో ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోయే గింజ విషయంలో ఆ జాగ్రత్త రెండింతలు ఉండాలి.

దేశంలో మామూలుగా అమ్మే క్లోవర్ బర్సీమ్. ఇదీ ఏకవార్షికమే, ఈజిప్టు నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సింధు ప్రాంతానికి వచ్చి పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో స్థిరపడింది. అడవి క్లోవర్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి దీన్ని మించిన దారి లేదు. పొలంలో ఎకరాకు 10 కిలోల దాకా విత్తనం పడుతుంది. ఇంట్లో అయితే వెడల్పాటి టబ్బు, గుప్పెడు గింజలు చాలు. బర్సీమ్ విత్తనంలో కాసిని అనే కలుపు గింజ కలిసి వస్తుంది. పది పాళ్ల నీళ్లకు ఒక పాలు ఉప్పు కలిపి అందులో పోస్తే కాసిని గింజలు తేలతాయి, వాటిని తీసేసి మంచి గింజలను రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి.

తిరుపతిలో నవంబరు మొదటి రెండు వారాలు, పలమనేరు వైపు అక్టోబరు చివర మంచి అదును. గింజను లోతుగా వేయకూడదు, మీద సన్నని ఇసుక పొర చాలు. కల్చర్ ప్యాకెట్ క్లోవర్‌కు సంబంధించినదేనా అని అడిగి తీసుకోవాలి. చెనక్కాయ కల్చర్ పనికిరాదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని తూర్పు ముఖం మంచిది. నలభై యాభై రోజులకు మొదటి కోత వస్తుంది, మొదళ్ల దగ్గర మూడు నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఉత్తరాదిలో నాలుగు నుంచి ఆరు కోతలు తీస్తారు. ఇక్కడ చలి చిన్నది కాబట్టి అన్ని కోతల మీద ఆశ పెట్టుకోకూడదు.

తినడం

పచ్చి క్లోవర్ రుచి బఠాణీ చిగురుకు దగ్గరగా ఉంటుంది. కొంచెం పసరు, కొంచెం తీపి. పూతకు ముందటి లేత ఆకులే తినదగ్గవి. ముదురు ఆకులోని పీచును ఆవు నాలుగు గదుల పొట్టతో అరిగించుకోగలదు, మనిషి అరిగించుకోలేడు.

కడుపుబ్బరం దీనితో వచ్చే అసలు చిక్కు. పాడి రైతులకు ఇది బాగా తెలుసు. వాన వెలిసిన ఉదయం తడి లూసర్న్ కడుపునిండా మేసిన ఆవుకు ఎడమ డొక్క ఉబ్బుతుంది, సమయానికి చూడకపోతే ప్రాణం పోతుంది. ఆకులోని కరిగే ప్రోటీన్లు పొట్టలో నురగ కడతాయి, వాయువు ఆ నురగలో చిక్కుకుని త్రేన్పుగా బయటికి రాలేదు. మనిషిలో జరిగేది వేరు, అరగని పీచు, చక్కెరలు పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. ప్రాణం మీదికి రాదు, బాధ మాత్రం బాధే. కాలిఫోర్నియా ఆదివాసులు దీనికి విరుగుడు కనుక్కున్నారు. అక్కడి బే చెట్టు కాయల గింజలను నిప్పుల్లో కాల్చి క్లోవర్‌తో పాటు తినేవాళ్లు. ఆ గింజ ఘాటైనది, నూనె వాసన ఎక్కువ. మనం ఉలవచారులో వెల్లుల్లి, అలసంద గుగ్గిళ్లలో ఇంగువ, అనపగింజల పులుసులో అల్లం, మసాలా వేయడంలో ఉన్న తెలివీ అదే. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు జనాలు చిక్కుడు జాతి తిండికి ఘాటునే జోడించుకున్నాయంటే అందులో ఎన్నో తరాల కడుపుల అనుభవం ఉంది.

కాబట్టి కుండీలో పెరిగిన బర్సీమ్ చిగురు తినాలనుకుంటే విడిగా కూర చేసుకోకుండా కలగూరలో కలపడం మేలు. తోటకూర, చెంచలికూర, గంగవాయిలకూర నాలుగు వంతులు ఉంటే క్లోవర్ ఒక వంతు. కందిబేడలు, పచ్చిమిరపకాయలు, టమోటా, కొంచెం చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, జీలకర్ర, ఇంగువ పోపు పెట్టాలి. రాగి సంగటి ముద్దలోకి ఈ పుల్లగూర బాగా కుదురుతుంది, పక్కన ఊరిబిండి ఉంటే మరీ మంచిది. మొదటిసారి రెండు ముద్దలు తిని ఆగి, మరుసటి రోజు కడుపు ఎలా ఉందో చూసుకుని పెంచుకోవచ్చు. పచ్చిగా తినాలంటే ఇంట్లో పెరిగినదే తినాలి. మేత కోసం పెంచిన చేలో పేడనీళ్లు, మందులు పడి ఉంటాయి.

క్లోవర్ జాతిలో ఇంకో విషయం దాగి ఉంది. 1946లో పడమటి ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక వింత జబ్బును నమోదు చేశారు. సబ్‌టెరేనియన్ క్లోవర్ మీదే బతికిన గొర్రెలు చూలు కట్టడం మానేశాయి. ఆకులోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థం గొర్రె పొట్టలో మారి ఆడ హార్మోన్ లాగా పనిచేయడమే కారణమని తర్వాత తేలింది. ఆ తర్వాత అది తక్కువగా ఉండే రకాలను పెంచారు. ఎప్పుడో ఒకసారి పప్పులో గుప్పెడు ఆకు తిన్న మనిషికి దీనితో భయం లేదు. రోజూ క్లోవర్ సారం క్యాప్సూళ్లు మింగడం మాత్రం వేరే సంగతి. గర్భిణులు, రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్సలో ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు.

ఎండబెట్టే విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 1920ల్లో కెనడాలో, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో స్వీట్ క్లోవర్ ఎండుమేత తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయాయి. ఆ మేత బూజు పట్టింది. స్వీట్ క్లోవర్‌లో సువాసననిచ్చే కూమరిన్ ఉంటుంది, బూజు దాన్ని రక్తం గడ్డకట్టనివ్వని పదార్థంగా మారుస్తుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం 1940 నాటికి ఆ పదార్థం డైకూమరాల్ అని తేల్చింది. గుండె జబ్బుల వాళ్లు ఇప్పుడు వాడే వార్ఫరిన్ మందు ఆ దారిలో వచ్చిందే. స్వీట్ క్లోవర్ అసలు క్లోవర్ కాదు, పక్క ప్రజాతి. అయినా ఈ కుటుంబంలో ఏ ఆకునైనా తడితో కుప్ప వేసి ఆరబెట్టకూడదనే పాఠం ఒక్కటే. నీడలో పలుచగా పరిచి, గలగలమనేదాకా ఆరనిచ్చి, బూజు వాసన ఏమాత్రం ఉన్నా పారేయాలి. రక్తం పలుచబడే మందు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచినా తగ్గించినా మందు లెక్క తప్పుతుంది, డాక్టరును అడగకుండా కొత్త ఆకులు మొదలుపెట్టవద్దు.

మెంతి గురించి ఒక మాట. వృక్షశాస్త్రం లెక్కలో మెంతి, క్లోవర్, లూసర్న్, స్వీట్ క్లోవర్ నాలుగూ ఒకే ఉపకుటుంబపు శాఖలో పక్కపక్కన కూర్చుంటాయి. మెంతికూర ఆకును క్లోవర్ ఆకు పక్కన పెడితే పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. నూరు గ్రాముల మెంతికూరలో దాదాపు 4 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ఆకుకూరల్లో అది మంచి లెక్కే. విత్తిన నాలుగు వారాలకు కోతకు వస్తుంది. వంటింటి డబ్బాలోని మెంతులే విత్తనం. చలిని ఇష్టపడుతుంది కానీ మన కార్తీకం, మార్గశిరం చలి దానికి చాలు. కడుపుకు పడుతుందన్న నమ్మకం వందల ఏళ్లది. మూడాకుల ఏకవార్షికాన్ని పెంచి తినాలన్న కోరిక నిజమైనదైతే అది తీరే దారి మెంతి మడి. పొరుగింటి పుల్లకూర రుచి అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పొలంలో పిల్లిపెసర

ఇక మెట్టచేనుకు వద్దాం. పిల్లిపెసర మన దేశపు మొక్క, విగ్నా ట్రైలోబేటా. నేల మీద పాకుతుంది, మూడు ఆకులూ లోతైన గాట్లతో ఉంటాయి, చిన్న పసుపు పూలు పూస్తుంది, సన్నని నల్లటి కాయలు కాస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందు నిలువు పైరులోనే గింజ చల్లేస్తారు, వరి తీసేసరికి కింద పచ్చగా పరుచుకుని ఉంటుంది. పశువులను ఒకసారి మేపినా, ఒక కోత కోసినా మళ్లీ లేస్తుంది. ఆ తర్వాత దున్నేస్తే పచ్చిరొట్ట. జనుము, జీలుగ దున్నడానికి మాత్రమే పనికొస్తే ఇది మేతకూ పనికొస్తుంది. గింజ పెసర కన్నా చిన్నది. కరువు కాలాల్లో పేదలు దాన్నే ఉడికించుకుని తిన్నారు.

ఇప్పటి చిత్తూరు సేద్యానికి ఇది ఎక్కడ సరిపోతుంది? చెనక్కాయ విస్తీర్ణం తగ్గి మామిడి పెరిగింది. తోతాపురి తోటల్లో చెట్ల మధ్య నేల ఏడాదిలో ఎక్కువ కాలం బోసిగా ఉంటుంది, ఎండకు కాలుతుంది, వానకు కోసుకుపోతుంది. ఆ జాగాలో ఆగస్టు, సెప్టెంబరు పదునుకు పిల్లిపెసర చల్లితే ఈశాన్య రుతుపవనాల వానలకు నేల మూసుకుపోతుంది. దానికి కావాల్సిన బ్యాక్టీరియా పాత చెనక్కాయ చేలలో ఎలాగూ ఉంది, కల్చర్ పట్టిస్తే ఇంకా మంచిది. మామిడి పూతకు ముందు చెట్టుకు కాస్త బెట్ట అవసరం కాబట్టి డిసెంబరులోపే కోసి మేతకు వాడుకోవడమో, పాదుల్లో మల్చింగ్‌గా పరచడమో చేయాలి. పొడవుగా పెరగనిస్తే నీటి కోసం చెట్టుతో పోటీ పడుతుంది.

ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు తొలకరికి ముందే నవధాన్యాలు కలిపి చల్లుతున్నారు. ఆ మిశ్రమంలో ఉలవ, అలసంద, పెసరతోపాటు పిల్లిపెసర వాటా పెంచడం పాడి ఉన్న ఇళ్లకు లాభం. చిత్తూరు పల్లెల్లో రోజూ ఇంటికి డబ్బు తెచ్చేది పాలే. దాణా ధరలు పెరిగినప్పుడల్లా ఆ డబ్బు కరిగిపోతుంది. ప్రోటీన్ ఉన్న పచ్చమేత ఇంటి చేలోనే దొరికితే దాణా బస్తాలు తగ్గుతాయి. ఇక్కడా ఉబ్బరం జాగ్రత్త తప్పదు. తడి మేత ఒక్కటే కడుపునిండా వేయకుండా ముందు కొంత ఎండుగడ్డి వేసి, తర్వాత దీన్ని వేయాలి.

విత్తనమే కొరత. మార్కెట్‌లో పిల్లిపెసర అదునుకు దొరకకపోవడం, దొరికినా పాత గింజ మొలవకపోవడం రైతులు తరచూ చెప్పే మాట. దీనికి దారి సొంత విత్తనమే. చేలో ఒక మూల కోయకుండా వదిలేయాలి. కాయలన్నీ ఒకేసారి ఎండవు, ఎండినది ఎండినట్టే మధ్యాహ్నపు వేడికి పగిలి గింజ రాలిపోతుంది. అందుకే తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే నల్లబడిన కాయలను ఏరి, గుడ్డ మీద ఆరబెట్టి, మూత గట్టి డబ్బాలో వేపాకు వేసి దాచాలి. విత్తే ముందు గింజను ముతక ఇసుకతో కలిపి గోనె మీద కాసేపు రుద్దితే తోలు గీసుకుపోయి మొలక ఒక్కసారిగా వస్తుంది.